టెక్సస్ ఎస్‌బీ 11, స్టేడియం ప్రార్థనలు: మన స్కూల్ బోర్డు ఓటు ముందు తెలుసుకోవాల్సినవి

డాలస్_అమ్మ (ఫిబ్రవరి 2026)

అందరికీ నమస్కారం. మా స్కూల్ డిస్ట్రిక్ట్ బోర్డు ఈ నెల మీటింగ్ అజెండా వచ్చింది. అందులో ఎస్‌బీ 11 (సెనేట్ బిల్ 11 అనే టెక్సస్ చట్టం) మీద ఓటింగ్ ఉంది. స్కూళ్లలో రోజూ ప్రార్థనకు, బైబిల్ గానీ మరో మతగ్రంథం గానీ చదువుకోవడానికి సమయం కేటాయించాలా వద్దా అన్నది తేలుస్తారట. రాష్ట్రంలో ప్రతి బోర్డూ మార్చి 1 లోపు ఓటు వేయాల్సిందే అంటున్నారు.

మా అమ్మాయి ఎనిమిదో తరగతి, బాబు మూడో తరగతి. అమ్మాయి వచ్చే ఏడాది హైస్కూల్ మార్చింగ్ బ్యాండ్‌లో చేరుతుంది. అంటే సీజన్ మొత్తం శుక్రవారం రాత్రులు ఫుట్‌బాల్ స్టేడియంలోనే. అక్కడ ఆట ముందు మైకులో ప్రార్థన చేయిస్తారా? గ్రాడ్యుయేషన్‌లో చేయిస్తే మన పిల్లలు లేచి నిలబడాలా? మా వాట్సాప్ గ్రూపులో ఒకరు "ఇక రోజూ బైబిల్ తప్పదు" అంటే, ఇంకొకరు "సుప్రీంకోర్టు 2022లోనే అన్నీ ఒప్పేసుకుంది" అంటున్నారు. అసలు చట్టం ఏం చెబుతోందో తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి. నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

---

చట్టం_చదివే_అన్న

డాలస్_అమ్మ గారూ, ముందు ఎస్‌బీ 11 గురించి. ఇది 2025లో టెక్సస్ శాసనసభ చేసిన చట్టం, సెప్టెంబర్ 1 నుంచి అమల్లో ఉంది. రోజూ బైబిల్ తప్పనిసరి అని ఇందులో ఎక్కడా లేదు. తప్పనిసరి అయింది బోర్డు ఓటు మాత్రమే. ఎవరు ఎటు ఓటు వేశారో రికార్డులో ఉండాలి. బోర్డు "వద్దు" అంటే అక్కడితో సరి.

"కావాలి" అంటే మాత్రం షరతులు ఉన్నాయి. తల్లిదండ్రులు సంతకం చేసిన అంగీకార పత్రం ఇచ్చిన పిల్లలే పాల్గొనాలి. ఈ సమయం పాఠాల సమయాన్ని తినకూడదు. స్కూల్ స్పీకర్లలో ప్రార్థన వినిపించకూడదు. సంతకం పెట్టని పిల్లల చెవిన పడేలా కూడా చేయకూడదు. ఇచ్చిన అంగీకారాన్ని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు.

ఇక ఆ పత్రంలో ఏముంటుందో చూడండి. సంతకం పెడితే, ఈ విధానం వల్ల ఏ ఇబ్బంది వచ్చినా రాష్ట్ర చట్టం కిందా ఫెడరల్ చట్టం కిందా దావా వేసే హక్కును వదులుకుంటున్నట్టు. ప్రభుత్వం మతాన్ని రుద్దకూడదనే అమెరికా రాజ్యాంగం మొదటి సవరణ కింద ఉన్న హక్కుతో సహా. ఫీల్డ్ ట్రిప్ పేపర్లతో కలిపి పిల్లల బ్యాగులో వచ్చిందని చదవకుండా సంతకం పెట్టేసే కాగితం కాదు ఇది. మన ఇళ్లలో స్కూల్ కాగితాలు ఎలా సంతకమవుతాయో మనకు తెలుసు. పొద్దున్న బస్సు వచ్చే టైముకి, వంటింటి గట్టు మీద.

స్టేడియం, గ్రాడ్యుయేషన్ సంగతి వేరే. వాటికి వేరే చట్టం, వేరే తీర్పులు. సాయంత్రం రాస్తాను.

---

గుంటూరు_టు_హ్యూస్టన్

నేను క్రైస్తవుణ్ణి. ఈ చట్టం మంచిదే అని నమ్ముతున్నాను. పిల్లల మీద ఉన్న ఒత్తిడి చూస్తున్నాం కదా. ఫోన్లు, సోషల్ మీడియా, స్కూల్లో కాల్పుల డ్రిల్లులు. రోజులో కొద్దిసేపు దేవుణ్ణి తలచుకుంటే ఎవరికి నష్టం? బలవంతం లేదు, సంతకం ఉంది, వేరే మతగ్రంథాలకూ చోటుంది. మీరు భగవద్గీత చదివించుకోండి, నేను కీర్తనలు చదివించుకుంటాను. మన ఊళ్లో మేమంతా పొద్దున్నే బడి ఆవరణలో ప్రార్థన చేసి క్లాసులోకి వెళ్లినవాళ్లమే కదా?

---

బడి_టీచర్_టెక్సస్

నేను ఇక్కడ పబ్లిక్ ఎలిమెంటరీ స్కూల్లో పాఠాలు చెబుతాను. స్కూల్ పేరు అడగకండి.

టెక్సస్‌లో 2003 నుంచే ఒక నిమిషం మౌనం ఉంది. పొద్దున్నే అమెరికా జెండా ప్రతిజ్ఞ, ఆ తర్వాత టెక్సస్ జెండా ప్రతిజ్ఞ, ఆ తర్వాత ఒక నిమిషం మౌనం. దీని మీదా కేసు వేశారు. 2009లో ఫెడరల్ అప్పీల్ కోర్టు చట్టం చెల్లుతుందని చెప్పింది. ఎందుకంటే ఆ నిమిషంలో ఏం చేయాలో ఎవరూ చెప్పరు. మా క్లాసులో ఒక పాప కళ్లు మూసుకుని పెదవులు కదుపుతుంది. పక్కన పిల్లాడు షూ లేసుతో ఆడుకుంటాడు. ఇంకో బాబు రెండు చేతులూ తెరిచి దుఆ చేస్తాడు. ఎవరూ ఎవరినీ చూడరు. టీచర్‌గా నా పని వాళ్లు ఒకరినొకరు కదపకుండా చూడటమే.

ఇప్పుడు ఎస్‌బీ 11 ఆచరణలో ఎలా ఉంటుందో ఊహించండి. పాఠాల సమయం వాడకూడదు కాబట్టి బెల్లుకు ముందే పెట్టాలి. బస్సు పిల్లలు బెల్లుకు కొద్దిగా ముందు దిగుతారు, వాళ్లలో సగం మంది ఆ టైములో కెఫెటేరియాలో బ్రేక్‌ఫాస్ట్ తింటూ ఉంటారు. సంతకం ఉన్నవాళ్లు ఒక గది, లేనివాళ్లు ఒక గది. ఒక్కరు అంగీకారం వెనక్కి తీసుకున్నా జాబితా మార్చాలి. ఆ జాబితా పట్టుకుని తలుపు దగ్గర ఎవరు నిలబడాలి? నేనే. ఏడేళ్ల పిల్లని "నువ్వు ఈ గది కాదమ్మా, ఆ గది" అని రోజూ పంపాలి. హ్యూస్టన్ గారూ, బలవంతం లేదన్నారు. కాగితం మీద లేదు. కానీ స్నేహితురాలు ఒక గదిలోకి వెళ్తుంటే తను ఇంకో గదిలోకి వెళ్లాల్సిన పిల్లకి అది ఎలా ఉంటుందో ఆ తలుపు దగ్గర నిలబడేదాన్ని నేను, నాకు కనిపిస్తుంది.

---

చట్టం_చదివే_అన్న

మాటిచ్చినట్టు, స్టేడియం సంగతి. ఇది టెక్సస్ కథే కాబట్టి మనకు మరీ దగ్గరది.

గాల్వెస్టన్ కౌంటీలో శాంటా ఫే అనే చిన్న ఊరుంది. అక్కడి హైస్కూల్ ఫుట్‌బాల్ ఆటలకు ముందు ఒక విద్యార్థి మైకులో ప్రార్థన చేసేవాడు. గొడవ వచ్చాక డిస్ట్రిక్ట్ పద్ధతి మార్చింది. విద్యార్థులు రెండుసార్లు ఓటు వేస్తారు: ప్రార్థన ఉండాలా వద్దా అని ఒకసారి, ఎవరు చేయాలి అని ఇంకోసారి. "ఇది పిల్లల నిర్ణయం, ప్రభుత్వానిది కాదు" అని వాదించింది. 2000లో సుప్రీంకోర్టు 6-3 తేడాతో ఆ వాదన కొట్టేసింది. స్కూల్ స్థలం, స్కూల్ మైకు, స్కూల్ కార్యక్రమం, పైగా ఓటింగ్ అంటే మైనారిటీ పిల్లలకు ఎన్నటికీ అవకాశం రాదు అని చెప్పింది. ఆటకు రావడం ఇష్టమే కదా అంటే, బ్యాండ్ పిల్లలకూ చీర్‌లీడర్లకూ ఆటగాళ్లకూ అది ఇష్టం కాదు, వచ్చి తీరాలి అంది. డాలస్_అమ్మ గారూ, అచ్చంగా మీ అమ్మాయి పరిస్థితే.

అక్కడ కేసు వేసింది నాస్తికులో హిందువులో కాదు. ఒకటి కేథలిక్ కుటుంబం, ఒకటి మోర్మన్ కుటుంబం. పేర్లు దాచుకుని వేశారు. వాళ్లెవరో తవ్వి తీయడానికి స్కూల్ వాళ్లు ప్రయత్నిస్తే కోర్టు ధిక్కారం కింద చర్య తీసుకుంటానని కింది కోర్టు హెచ్చరించాల్సి వచ్చింది. ప్రార్థన గురించి మాట్లాడే ముందు ఆ కుటుంబాలు ఊళ్లో ఎలా బతికి ఉంటాయో ఆలోచించాలి.

---

ఇర్వింగ్_హైదరాబాదీ

అస్సలాము అలైకుమ్, నమస్తే. నా వైపు నుంచి ఒక మాట.

మా అబ్బాయి హైస్కూల్లో జుహర్ (మధ్యాహ్నం) నమాజు లంచ్ టైములో ఖాళీ క్లాస్‌రూంలో చేసుకుంటాడు. దానికి ఏ కొత్త చట్టమూ అక్కర్లేకపోయింది. 1984లోనే ఈక్వల్ యాక్సెస్ యాక్ట్ అని ఫెడరల్ చట్టం వచ్చింది. చెస్ క్లబ్బుకు గది ఇస్తే బైబిల్ క్లబ్బుకూ ఇవ్వాలి, ముస్లిం స్టూడెంట్ అసోసియేషన్‌కూ ఇవ్వాలి. 1990లో సుప్రీంకోర్టు 8-1తో దాన్ని సమర్థించింది. పిల్లవాడు తనంతట తాను ప్రార్థించుకోవడానికి అమెరికా బడిలో ఎప్పుడూ అడ్డు లేదు. పరీక్ష ముందు దండం పెట్టుకున్నా, అన్నం ముందు బిస్మిల్లా అన్నా ఎవరూ ఆపలేరు. ఇది మన వాట్సాప్ గ్రూపుల్లో ఎవరూ చెప్పరు. "దేవుణ్ణి బడి నుంచి గెంటేశారు" అన్న మాట మాత్రం రోజూ తిరుగుతుంది.

---

గుంటూరు_టు_హ్యూస్టన్

హైదరాబాదీ భాయ్, మీరు చెప్పింది ఒప్పుకుంటాను. కానీ 2022 తీర్పు సంగతేమిటి? ఫుట్‌బాల్ కోచ్ మైదానం మధ్యలో మోకరించి ప్రార్థిస్తే తప్పు లేదని సుప్రీంకోర్టు చెప్పింది కదా. ఆ తర్వాత పాత తీర్పులు ఇంకా నిలుస్తాయా?

---

చట్టం_చదివే_అన్న

నిలుస్తాయి. ఇక్కడే చాలామంది తికమక పడుతున్నారు.

అది వాషింగ్టన్ రాష్ట్రంలో బ్రెమర్టన్ అనే ఊరి కేసు. కోచ్ ఆట అయ్యాక 50 గజాల గీత దగ్గర మోకరించేవాడు. 2015లో డిస్ట్రిక్ట్ ఆయన్ని సెలవులో పెట్టింది. 6-3తో కోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. కానీ ఏ కారణంతో? అది ఆయన సొంత ప్రార్థన, మైకులో వినిపించలేదు, లేచి వెళ్లలేని స్థితిలో ఉన్న పిల్లల ముందు చదవలేదు, ఎవరినీ చేరమనలేదు అన్న లెక్కతో. శాంటా ఫే తీర్పును కొట్టేయలేదు, దానికీ దీనికీ తేడా ఉందని చెప్పింది. 1971 నాటి లెమన్ పరీక్షను (ప్రభుత్వ చర్య ఉద్దేశం, ఫలితం మతానికి మద్దతుగా ఉన్నాయా అని చూసే పద్ధతిని) మాత్రం పక్కన పెట్టి, ఇకపై చరిత్ర, సంప్రదాయం చూసి తేల్చాలంది. కొత్త చట్టాలకు ధైర్యం వచ్చింది అక్కడి నుంచే.

నా అభిప్రాయం చెబుతాను. ఆ తీర్పులో భిన్నాభిప్రాయం రాసిన జస్టిస్ సోటోమయోర్, ఆటగాళ్లు కోచ్ చుట్టూ మోకరించిన ఫొటోలు తీర్పులోనే పెట్టారు. చేరకపోతే ఆటలో దింపరేమోనని తన కొడుకు భయపడ్డాడని ఒక తండ్రి చెప్పిన విషయం కూడా రికార్డులో ఉంది. టీమ్‌లో ఎవర్ని దింపాలో చెప్పే మనిషి ప్రార్థిస్తుంటే పదహారేళ్ల కుర్రాడు పక్కన నిలబడి చూస్తూ ఉండగలడా? మెజారిటీ ఈ ప్రశ్నకు సరైన జవాబు ఇవ్వలేదనే నేననుకుంటాను.

---

ఆర్లాండో_నాన్న

ఫ్లోరిడా నుంచి. మా దగ్గర ఇంకో దారి పట్టారు. 2015లో రెండు క్రైస్తవ ప్రైవేట్ స్కూళ్లు రాష్ట్ర ఫుట్‌బాల్ ఫైనల్ ఆడాయి, ఇక్కడి ఆర్లాండో స్టేడియంలోనే. రెండు స్కూళ్లూ స్పీకర్లో ప్రార్థన చేస్తామంటే ఆ పోటీలు నడిపే రాష్ట్ర స్కూల్ క్రీడల సంఘం కుదరదంది. కేసు ఏళ్ల తరబడి నడిచి, 2024లో అప్పీల్ కోర్టు సంఘానిదే సబబు అంది. ఈలోగా 2023లో రాష్ట్రం చట్టం చేసేసింది: ఛాంపియన్‌షిప్ ఆటల ముందు ఒక్కో స్కూలుకు రెండు నిమిషాల దాకా మైకు ఇవ్వాలి, ఏం మాట్లాడాలో సంఘం చెప్పకూడదు, ఆ మాటలతో సంఘానికి సంబంధం లేదని ప్రకటించాలి.

ఆ రెండు నిమిషాల్లో ఏమైనా మాట్లాడొచ్చు అన్నారు కాబట్టి సమానమే అంటారు మా పక్కింటాయన. ఆ మైకు పిల్లలకు ఇస్తున్నారా, స్కూల్‌కు ఇస్తున్నారా? స్కూల్‌కు. ప్రైవేట్ స్కూల్‌కైతే పర్వాలేదు, పబ్లిక్ స్కూల్ తన వంతు రెండు నిమిషాల్లో ప్రార్థన పెడితే శాంటా ఫే మళ్లీ మొదటికి వస్తుంది.

---

ఏలూరు_మాస్టారు

నేను ఏలూరు దగ్గర హెడ్‌మాస్టరుగా చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి దగ్గరకు వచ్చి మీ చర్చ చూశాను. హ్యూస్టన్ బాబు మన బడి ప్రార్థన గురించి అన్నాడు కాబట్టి చెబుతున్నాను.

మన రాజ్యాంగం 28వ అధికరణంలో ప్రభుత్వ సొమ్ముతో మొత్తంగా నడిచే విద్యాసంస్థలో మతబోధ ఉండకూడదని ఉంది. ప్రభుత్వ గుర్తింపో సాయమో ఉన్న సంస్థలో కూడా తన అంగీకారం లేకుండా, మైనరైతే సంరక్షకుడి అంగీకారం లేకుండా, ఎవరినీ మతపరమైన ఆరాధనలో పాల్గొనమనకూడదు. కేరళలో యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందిన పిల్లలు జాతీయగీతం పాడకుండా మర్యాదగా లేచి నిలబడినందుకు బడి నుంచి తీసేస్తే, 1986లో మన సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమంది. కేంద్రీయ విద్యాలయాల్లో పొద్దుటి సంస్కృత ప్రార్థన మీద వేసిన పిటిషన్‌ను 2019లో రాజ్యాంగ ధర్మాసనానికి పంపారు. కాబట్టి మన దగ్గర ఈ ప్రశ్న లేదనుకోకండి. మన దగ్గర మనం ఎక్కువమంది వైపున నిలబడ్డాం కనుక అది కనబడలేదు, అంతే. నా బడిలో అసెంబ్లీలో ఆఖరి వరసలో పెదవి కదపకుండా నిలబడే పిల్లలు ఉండేవారు. వాళ్లను ముందుకు పిలిచి పాడించాలని పట్టుబట్టే టీచర్లు ఉండేవారు, నేను పాడించనిచ్చేవాణ్ణి కాదు.

---

ప్లానో_2019_బ్యాచ్

ఏలూరు తాతగారికి నమస్కారం. నేను ఇక్కడే పుట్టి పెరిగాను, తెలుగు అమ్మ నేర్పింది, తప్పులుంటే ఏమనుకోకండి.

2007లో టెక్సస్ ఇంకో చట్టం చేసింది. స్కూల్ ఈవెంట్లలో విద్యార్థులు మాట్లాడే చోట మతం ఉందని ఎవరి మాటా ఆపకూడదు, మాట్లాడేవాళ్లను మతంతో పని లేని ప్రమాణాలతో ఎంచుకోవాలి, గ్రాడ్యుయేషన్‌లో ఇది విద్యార్థి సొంత మాట అని చెప్పాలి. మా స్కూల్లో స్టూడెంట్ కౌన్సిల్, టీమ్ కెప్టెన్లు వంటివాళ్లలో ఆసక్తి ఉన్నవాళ్ల పేర్లు చీటీలు వేసి తీసేవాళ్లు.

నా పేరు వచ్చింది. నేను "సర్వే భవంతు సుఖినః" చెప్పి ఇంగ్లిష్‌లో అర్థం చెప్పాను. అమ్మమ్మ ఏడ్చేసింది, అమ్మ ఫోన్లో వీడియో తీస్తూ చెయ్యి వణికించింది. కిందికి దిగాక ఒక పెద్దాయన "ఇది అందుకోసం కాదు" అని నా మొహం మీదే అన్నాడు. మా ముందు బ్యాచ్‌లో ఒకబ్బాయి యేసు నామంలో ముగించినప్పుడు ఆయన గట్టిగా ఆమెన్ అనడం నేను విన్నాను. చట్టం ప్రకారం ఇద్దరం సమానమే. ఆ గ్రౌండ్‌లో ఇద్దరం సమానం కాదు. అయినా నాకు మైకు దొరికినందుకు సంతోషమే, దాచను. మళ్లీ అవకాశం వస్తే మళ్లీ చెబుతాను.

---

డాలస్_అమ్మ

తమ్ముడూ, చదువుతుంటే కళ్లు చెమర్చాయి. నువ్వు చెప్పింది మంచి పని.

---

గుంటూరు_టు_హ్యూస్టన్

ఆ పెద్దాయన తరఫున నేను బాధపడుతున్నాను తమ్ముడూ. అది క్రీస్తు నేర్పిన తీరు కాదు. 2007లో అమెరికా సెనేట్‌లో మొదటిసారి హిందూ ప్రార్థన జరిగినప్పుడు గ్యాలరీలోంచి కేకలు వేసి అడ్డుకున్నారు, అప్పుడూ సిగ్గుపడ్డాను. కానీ శాసనసభల్లో ప్రార్థనకు కోర్టులు ఒప్పుకుంటున్నాయి, టౌన్ మీటింగుల్లోనూ 2014లో ఒప్పుకున్నాయి. బడికి మాత్రం వేరే రూలు ఎందుకు?

---

కన్యక_పిట్స్‌బర్గ్

ఎందుకంటే కౌన్సిల్ మీటింగ్‌లో కూర్చునేది పెద్దవాళ్లు. నచ్చకపోతే లేచి కాఫీకి వెళ్తారు. పన్నెండేళ్ల పిల్ల లేచి వెళ్లలేదు.

1992లో రోడ్ ఐలండ్ కేసు చూడండి, లీ వర్సెస్ వైస్‌మన్. మిడిల్ స్కూల్ గ్రాడ్యుయేషన్‌లో ప్రార్థన. పిల్లది యూదు కుటుంబం. పెద్దమ్మాయి గ్రాడ్యుయేషన్‌లో బాప్టిస్ట్ పాస్టర్ ప్రార్థన చేశాడని తండ్రి అభ్యంతరం చెబితే, చిన్నమ్మాయి టైముకి స్కూల్ వాళ్లు రబ్బీని (యూదు మతగురువుని) పిలిచారు. ఎలాంటి ప్రార్థన చేయాలో చెప్పే పుస్తకం కూడా ఆయన చేతికిచ్చారు. అంటే వాళ్లు మంచి మనసుతోనే చేశారు. తండ్రి అప్పటికీ ఒప్పుకోలేదు. ఆయన మతం వాళ్ల ప్రార్థనే! నాకు ఈ కేసులో అన్నిటికంటే నచ్చేది అదే. మా వాళ్లకు వంతు రావాలని కాదు ఆయన అడిగింది, ప్రిన్సిపాల్ ఆఫీసు ప్రార్థన రాయించకూడదని. 5-4తో గెలిచారు. గ్రాడ్యుయేషన్ మానుకోవచ్చు కదా అంటే, జీవితంలో ఒక్కసారి వచ్చే రోజును వదులుకోమనడం ఇష్టానికి వదిలేసినట్టు కాదని కోర్టు చెప్పింది.

అంతకు ముప్పై ఏళ్ల ముందు, 1962లో, తేలిన ఇంకో కేసు చూడండి. న్యూయార్క్ రాష్ట్ర విద్యామండలి 22 పదాల ప్రార్థన తయారుచేసింది. ఏ మతానికీ చెందనట్టు జాగ్రత్తగా రాశారు. ఇష్టం లేని పిల్లలు బయటికి వెళ్లవచ్చు అని కూడా ఉంది. ఎస్‌బీ 11 సంతకం లాంటిదే. అయినా ప్రభుత్వం ప్రార్థనలు రాసే పని పెట్టుకోకూడదని 6-1తో కొట్టేశారు. మనవాళ్లు "మన శ్లోకానికీ చోటిస్తే చాలు" అంటుంటే నాకు భయమేస్తుంది. ఈ రోజు చోటు ఇచ్చే బోర్డే రేపు ఏ శ్లోకం బాగుందో కూడా చెబుతుంది.

---

ఇర్వింగ్_హైదరాబాదీ

బైబిల్ పది ఆజ్ఞల పోస్టర్ల కేసు కూడా మర్చిపోకండి. ఎస్‌బీ 10, అదే ఏడాది చట్టం, ప్రతి క్లాస్‌రూంలో 16 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల ఎత్తు తగ్గకుండా ఆ పోస్టర్ పెట్టాలంటుంది. దాని మీద కేసు వేసిన కుటుంబాల్లో యూదులు, క్రైస్తవులు, మతం లేనివాళ్లతో పాటు హిందూ కుటుంబం కూడా ఉంది. 2025 ఆగస్టులో శాన్ ఆంటోనియో ఫెడరల్ జడ్జి ఆ కేసులో ఉన్న స్కూల్ డిస్ట్రిక్టుల వరకు ఆపుతూ ఉత్తర్వు ఇచ్చారు. మనవాళ్లు ఇలాంటి వాటిల్లో ముందుకు రారు అనే మాట ఇక చెల్లదు.

---

డాలస్_అమ్మ

మా ఆయన హెచ్1బీ. నేను బోర్డు మీటింగ్‌లో మాట్లాడొచ్చా? మాట్లాడితే పిల్లలకు స్కూల్లో ఇబ్బంది అవుతుందేమోనని ఆయన భయం.

---

బడి_టీచర్_టెక్సస్

మాట్లాడొచ్చు. అజెండాలో ఉన్న అంశం మీద మాట్లాడాలనుకున్నవాళ్లకి బోర్డు ఆ అంశం చర్చకు వచ్చే ముందో అప్పుడో అవకాశం ఇవ్వాలని టెక్సస్ చట్టంలోనే ఉంది. పౌరసత్వం, వీసా అడగరు. పేరు, ఏ అంశం మీద అన్నది ముందుగా నమోదు చేసుకోవాలి. గడువు డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్లో ఉంటుంది, కొన్నిచోట్ల మీటింగ్ రోజు మధ్యాహ్నానికే మూసేస్తారు. సాధారణంగా రెండు మూడు నిమిషాలు ఇస్తారు. భయమైతే బోర్డు సభ్యులకు ఈమెయిల్ రాయండి, అదీ చదువుతారు.

చట్టం గురించి ఎక్కువ చెప్పకండి, బోర్డు లాయర్ అది చెబుతాడు. మీ ఇద్దరు పిల్లల గురించి చెప్పండి. తలుపు దగ్గర జాబితా పట్టుకుని ఎవరు నిలబడతారని అడగండి. ఏ ట్రస్టీ (బోర్డు సభ్యుడు) దగ్గరా దానికి జవాబు ఉండదు.

---

గుంటూరు_టు_హ్యూస్టన్

మా డిస్ట్రిక్ట్‌లో ఓటు వచ్చే వారం. నేను అనుకూలంగానే మాట్లాడతాను. కానీ సంతకంతో పాటు దావా హక్కు వదులుకోవడం ఎందుకు అని కూడా అడుగుతాను. మంచి పనికి అంత జాగ్రత్త దేనికో వాళ్లే చెప్పాలి.

---

డాలస్_అమ్మ

నమోదు చేసుకున్నాను. సోమవారం సాయంత్రం 7 గంటలకు. నేను "వద్దు" అని మాట్లాడుతున్నాను. ఉత్తర డాలస్ వైపు ఉన్నవాళ్లు ఎటువైపైనా సరే, వస్తే ఆ హాల్లో మన మొహాలు కొన్ని కనిపిస్తాయి. పిల్లల్ని తీసుకురావచ్చు, ముందు వరుసలు సాధారణంగా ఖాళీగానే ఉంటాయట.